హోమ్ నర్సింగ్ సర్వీస్: విశాఖపట్నంలో మా ఇంట్లో 45 రోజులు

మా అమ్మకి 76 ఏళ్లు. మార్చి నెలాఖర్లో బాత్రూంలో కాలు జారి పడింది, తుంటి ఎముక విరిగింది. ఆపరేషన్ చేసి విరిగిన బంతి భాగం తీసి కొత్తది పెట్టారు, ఎనిమిదో రోజున ఇంటికి పంపించేశారు. ఆస్పత్రిలో ఉన్నన్నాళ్లూ ఎవరో ఒకరు చూసుకుంటున్నారులే అన్న ధైర్యం ఉండేది. అంబులెన్స్ మా అపార్ట్‌మెంట్ ముందు ఆగినప్పుడు అసలు టెన్షన్ మొదలైంది. ఎంవీపీ కాలనీలో మూడో అంతస్తు, నేనూ మా ఆయనా ఇద్దరం ఉద్యోగాలకి వెళ్లేవాళ్లం, అన్నయ్య హైదరాబాద్‌లో, అమ్మని పక్క మీద ఎటు తిప్పాలన్నా ఆ కాలు ఏమైపోతుందోనని నా చేతులు వణికేవి. ఒక ఏజెన్సీ ద్వారా పగటిపూట పన్నెండు గంటలకి నర్సుని పెట్టుకున్నాం, రాత్రిళ్లు నేను చూసుకున్నాను. ఏప్రిల్ 2 నుంచి మే 16 దాకా, మొత్తం 45 రోజులు.

ఏజెన్సీ పేరు రాయడం లేదు. మధ్యలో ఒక తప్పు జరిగింది, తర్వాత సరిదిద్దారు కూడా. పైగా వైజాగ్‌లో ఇలాంటివి చాలానే ఉన్నాయి, ఎవరిని పిలిచినా వచ్చిన మనిషి ఎలా పనిచేస్తున్నారో మనకి చూడటం రావాలి. నాకు అది మొదట్లో రాలేదు. యూనిఫాం, బీపీ మిషను, చేతికి గ్లౌజులు ఉంటే మంచి సర్వీసు అనుకున్నాను.

మొదటి రోజు ఉదయం ఏడున్నరకి వచ్చిన సిస్టర్‌ది శ్రీకాకుళం వైపు, ముప్పై ఏళ్లు కూడా ఉండవు, జీఎన్ఎం అనే మూడేళ్ల నర్సింగ్ కోర్సు చదివింది. లోపలికి రాగానే చెప్పులు విడిచి, చేతులు కడుక్కుని, అమ్మ మంచం దగ్గర నిలబడి ఒక నిమిషం ఏమీ చేయకుండా గది అంతా చూసింది. ఆ తర్వాత చేసిన మొదటి పని, కిటికీ తీయడం. మేం ఆ కిటికీని బిగించేసి, కర్టెన్ వేసి, ఏసీ పెట్టి, పక్క స్థలంలో కడుతున్న అపార్ట్‌మెంట్ దుమ్ము రాకుండా జాగ్రత్తగా ఉంచామని సంబరపడుతున్నాం. "మామ్మగారికి రాత్రి నుంచి ఇదే గాలండీ, ఒకసారి మారనివ్వండి" అంది. మంచాన్ని గోడ దగ్గర్నుంచి అడుగున్నర జరిపించింది, అమ్మకి కిటికీలోంచి ఆకాశం కనిపించేలా తిప్పించింది. దుమ్ముకి కిటికీ మీద తడిగుడ్డ కట్టించింది. బీపీ చూసింది ఇదంతా అయ్యాకే.

కిటికీ సంగతి ఎవరు చెప్పారమ్మా అని అడిగితే, ఫస్టియర్‌లో ఫ్లోరెన్స్ నైటింగేల్ పాఠంలో అదే మొదటి మాటండీ అంది. నాకు నైటింగేల్ అంటే చిన్నప్పుడు స్కూల్లో చదివిన దీపం పట్టుకున్న బొమ్మ, అంతే. రాత్రిళ్లు రెండు గంటలకోసారి అలారం పెట్టుకుని లేచి అమ్మని పక్కకి తిప్పేదాన్ని, మధ్యలో నిద్ర పట్టేది కాదు, ఆ టైంలో ఫోన్లో ఆమె గురించి చదవడం మొదలుపెట్టాను. చదివేకొద్దీ పగలు మా ఇంట్లో సిస్టర్ చేసిన పనులే మళ్లీ మళ్లీ కనబడ్డాయి. ఈ రివ్యూలో ఆమె గురించి ఇంత రాయడానికి కారణం అదే. మనం డబ్బిచ్చి పెట్టుకునే ఈ పనికి కొలత ఏమిటో ఆమె 1859లోనే రాసిపెట్టింది.

ఆమె పుట్టింది 1820 మే 12న, ఇటలీలోని ఫ్లోరెన్స్ నగరంలో, అందుకే ఆ పేరు. బాగా డబ్బున్న ఇంగ్లిష్ కుటుంబం. ఆ రోజుల్లో ఆస్పత్రిలో నర్సు అంటే ఏ పనీ దొరకనివాళ్లు చేసే పని అని చులకన, అందుకని ఇంట్లో ఒప్పుకోలేదు, ఏళ్ల తరబడి ఒప్పుకోలేదు. 31 ఏళ్ల వయసులో, 1851లో, జర్మనీలోని కైజర్స్‌వెర్త్‌లో మూడు నెలలు శిక్షణ తీసుకోగలిగింది. మన సిస్టర్ వాళ్ల నాన్న కూడా నర్సింగ్‌కి వద్దని బీఎస్సీ మ్యాథ్స్ చదవమన్నాడట, వాళ్ల అమ్మమ్మ పట్టుబట్టి చేర్పించిందట. ఇది ఆ పిల్ల అమ్మకి కాలు వ్యాయామం చేయిస్తూ మాటల్లో చెప్పింది.

1853లో లండన్‌లో ఒక చిన్న ఆస్పత్రికి సూపరింటెండెంట్‌గా చేరినప్పుడు నైటింగేల్ అడిగినవి చూడండి. ప్రతి అంతస్తుకీ పైపుల్లో వేడి నీళ్లు రావాలి, భోజనం పైకి లాగే యంత్రం కావాలి, రోగి గంట కొడితే ఏ గదిలోంచి కొట్టారో నర్సు గది బయటే తెలిసేలా ఒక గుర్తు తెరుచుకుని, చూసేదాకా అలాగే ఉండాలి. నర్సు మెట్లెక్కి దిగడంలోనే ఓపికంతా అయిపోతే రోగి దగ్గర ఉండేది ఎప్పుడు అని ఆమె వాదన. మా ఇంట్లో రెండో రోజే సిస్టర్ నన్ను నాలుగు వస్తువులు అడిగింది, చిన్న గంట, ఫ్లాస్కు, మంచం ఎత్తుకి సరిపోయే స్టూలు, ఒక పొడవాటి నోట్‌బుక్. మొత్తం వెయ్యి రూపాయలు కూడా అవ్వలేదు. అంతకుముందు ఎవరో చెప్పారని నేను ఆన్‌లైన్లో ఆరు వేలు పెట్టి కొన్న మసాజర్ ఆ 45 రోజుల్లో ఒక్కసారి కూడా అవసరపడలేదు.

ఇక దీపం కథ. క్రిమియా యుద్ధంలో గాయపడ్డ సైనికుల దుస్థితి ఇంగ్లండ్ పేపర్లలో వస్తే, 1854 అక్టోబరులో 38 మంది స్త్రీలని వెంటబెట్టుకుని ఆమె టర్కీలోని స్కుటారి ఆస్పత్రికి బయల్దేరింది. రాత్రిపూట వార్డుల్లో దీపం పట్టుకుని తిరిగిందన్నది నిజమే. కానీ ఆ దీపం వెలుగులో ఒక పెద్ద విషయం మనకి కనబడకుండా పోయింది. ఆమె వెళ్లాక కూడా ఆ చలికాలమంతా సైనికులు చనిపోతూనే ఉన్నారు. 1855 ఫిబ్రవరిలో ఆస్పత్రికి వచ్చినవాళ్లలో నూటికి 42 మంది పోయారు. వాళ్లలో ఎక్కువమందిని చంపింది గాయాలు కాదు, కలరా, టైఫాయిడ్, విరేచనాలు. మార్చిలో ప్రభుత్వం పంపిన శానిటరీ కమిషన్ వచ్చి భవనం కింద పూడుకుపోయిన మురుగు కాలువలు కడిగించింది, చెత్త ఎత్తించింది, గాలి ఆడేలా చేసింది. జూన్‌కి చావులు నూటికి రెండుకి దిగాయి.

ఇంగ్లండ్ తిరిగి వచ్చాక ఆమె ఈ అంకెలన్నీ ముందేసుకుని విలియం ఫార్ అనే గణాంక నిపుణుడితో కూర్చుని లెక్కగట్టింది. తను అంత కష్టపడి సేవ చేసిన చోటే మురుగు వల్ల అంతమంది పోయారని ఆ లెక్కలే ఆమెకి చెప్పాయి. ఈ భాగం చదివినప్పుడు రాత్రి మూడు గంటలైంది, నాకు ఏడుపొచ్చింది. అంత పేరొచ్చిన మనిషి ఆ పేరు మీద హాయిగా బతికేయొచ్చు. ఆమె మాత్రం ఆ చావుల లెక్కని రంగుల బొమ్మగా గీసి, నివారించదగిన రోగాలు నీలం, గాయాలు ఎరుపు, మిగతావి నలుపు, 1858లో ప్రభుత్వ పెద్దల ముందు పెట్టింది. లండన్ స్టాటిస్టికల్ సొసైటీలో సభ్యత్వం పొందిన మొదటి స్త్రీ కూడా ఆ ఏడే అయింది.

మా సిస్టర్ నోట్‌బుక్ గురించి ఇక్కడే చెప్పాలి. ప్రతి పేజీలో తేదీ, ఎన్ని గంటలకి ఎటువైపు తిప్పింది, ఎన్ని నీళ్లు తాగింది, యూరిన్ ఎంత, విరేచనం అయిందా లేదా, ఏం తింది, ఎంత మిగిల్చింది, నొప్పి పదికి ఎంత, రక్తం గడ్డకట్టకుండా పొట్ట దగ్గర ఇచ్చే ఇంజెక్షన్ ఈ రోజు కుడివైపా ఎడమవైపా. మొదట్లో ఇంత రాత ఎందుకనుకున్నాను. ఆరో రోజున పేజీలు వెనక్కి తిప్పి, మామ్మగారు సాయంత్రం నాలుగు తర్వాత నీళ్లు బాగా తగ్గించేస్తున్నారండీ, ఎందుకో అడగండి అంది. అడిగితే అమ్మ చెప్పింది, రాత్రి నన్ను బెడ్‌పాన్ కోసం లేపాల్సొస్తుందని తాగడం మానేసిందట. ఆ మాట అమ్మ నాకు తనంతట తాను ఎప్పటికీ చెప్పేది కాదు. డాక్టరుగారు రివ్యూలో యూరిన్ ఇన్ఫెక్షన్ రాకుండా నీళ్లు బాగా తాగించండి అని చెప్పే పంపారు, మేం తాగిస్తున్నామనే అనుకున్నాం.

చప్పుడు గురించి కూడా నైటింగేల్ గట్టిగా రాసింది. అవసరం లేని చప్పుడు, గుమ్మం బయట గుసగుసలు, నీకేం కాదులే అని ఊరికే ఇచ్చే ధైర్యాలు, అడగని సలహాలు, ఇవన్నీ రోగిని ఎంత అలసిపోయేలా చేస్తాయో ఆమెకి తెలుసు. యుద్ధంలో వచ్చిన జబ్బు వల్ల 1857 నుంచి ఏళ్ల తరబడి ఆమె ఎక్కువగా మంచం మీదే గడిపింది, అక్కడ్నుంచే ఉత్తరాలూ నివేదికలూ రాసింది. మంచం పక్కన నిలబడ్డ మనిషీ ఆమే, మంచం మీద పడుకున్న మనిషీ ఆమే. మన ఇళ్లలో మనిషి పడ్డాడంటే చూడటానికి రానివాళ్లు శత్రువులు కదా, అమ్మని చూడటానికి అమలాపురం నుంచి, రాజమండ్రి నుంచి కార్లేసుకుని వచ్చారు, వచ్చిన ప్రతివాళ్లూ మంచం చుట్టూ కూర్చుని తుంటి విరిగి తర్వాత లేవనివాళ్ల కథలే చెప్పారు. సిస్టర్ ఎవరినీ నొప్పించలేదు. "మామ్మగారికి వ్యాయామం టైమండీ, మీరు హాల్లో కాఫీ తాగండి, పావుగంటలో పిలుస్తాను" అనేది. పిలిచేటప్పుడు ఒక్కొక్కరినే పిలిచేది, వచ్చినవాళ్లని అమ్మకి ఎదురుగా కూర్చోబెట్టేది, తల తిప్పి చూడాల్సిన పని లేకుండా. ఇది నేను డబ్బిచ్చి కొన్న నర్సింగ్‌లో ఉందని నాకు తెలియదు. ఉందని ఇప్పుడు తెలుసు.

ఇక తప్పు. పదిహేడో రోజు నుంచి మూడు రోజులు సిస్టర్ చెల్లెలి పెళ్లికి ఊరెళ్లింది. వారం ముందే చెప్పింది, ఏజెన్సీకీ చెప్పింది. వాళ్లు రిలీవర్‌ని పంపిస్తామన్నారు, పంపించారు, కానీ వచ్చింది నర్సు కాదు, పేషెంట్ కేర్ అటెండెంట్, అంటే నర్సింగ్ చదవకుండా రోగికి తోడుండే మనిషి. మాకు ఫోన్లో ఒక్క మాట చెప్పలేదు. ఆ అమ్మాయిది తప్పని నేను అనను, ఓపికమంతురాలే, అమ్మకి అన్నం కలిపి బాగానే పెట్టింది. పాపం ఆమెకి ఎవరూ ఏమీ చెప్పలేదు, నోట్‌బుక్ ఒకటి ఉందని కూడా తెలియదు, ఆ మూడు రోజులూ నాకు ఆఫీసులో ఆడిట్, నేను కూడా తీసి చూపించలేదు. అమ్మ నిద్రపోతోంది కదా లేపడం ఎందుకని మధ్యాహ్నం నాలుగేసి గంటలు వెల్లకిలా అలాగే వదిలేసింది. పైకి జరపాలంటే చంకల కింద చేతులేసి లాగింది. నాలుగో రోజు సిస్టర్ వచ్చి పక్కకి తిప్పి చూస్తే నడుం కింద, తోక ఎముక దగ్గర, రూపాయి బిళ్లంత ఎరుపు. వేలితో నొక్కి చూపించింది, నొక్కినా ఆ ఎరుపు తెల్లబడటం లేదు. అది బెడ్ సోర్‌కి మొదటి మెట్టట. చర్మం ఇంకా చిట్లలేదు కాబట్టి బతికిపోయామండీ అంది.

పక్క మీద ఉన్న మనిషికి పుండు పడితే, చాలావరకూ అది రోగం తప్పు కాదు, నర్సింగ్ తప్పని నైటింగేల్ సూటిగా చెప్పింది. ఇంకో మాట నాకు మరీ గుచ్చుకుంది. మనం ఉన్నప్పుడు చేసే పని మనం లేనప్పుడు కూడా జరిగేలా చూడటమే బాధ్యత అంటే, అది తెలియకపోతే ఎంత మంచి నర్సింగ్ అయినా పాడైపోతుందని ఆమె అభిప్రాయం. సిస్టర్ తన వంతు రాసిపెట్టి వెళ్లింది. ఆ పుస్తకాన్ని ఒక చేతి నుంచి ఇంకో చేతికి అందించాల్సింది ఏజెన్సీ, వాళ్లు అందించలేదు, ఇంట్లో ఉన్న నేనూ అందించలేదు.

ఫోన్ చేసి గట్టిగానే మాట్లాడాను. వాళ్ల మేనేజరు మర్నాడు ఇంటికొచ్చి చూశారు, వాదించలేదు. ఆ మూడు రోజుల డబ్బు తీసుకోలేదు, గాలి మార్చే ఎయిర్ బెడ్ అద్దె లేకుండా పంపించారు. ఇకమీదట మనిషి మారితే పాతవాళ్లూ కొత్తవాళ్లూ ఒక అరగంట కలిసి ఉండేలా చూస్తామన్నారు. తర్వాత ఒక ఆదివారం వేరే సిస్టర్ వచ్చినప్పుడు నిజంగానే అలా చేశారు. అమ్మ ఎరుపు తగ్గడానికి తొమ్మిది రోజులు పట్టింది. ఎయిర్ బెడ్ ఉన్నా సిస్టర్ రెండు గంటలకోసారి తిప్పడం ఆపలేదు, పిక్కల కింద దిండు పెట్టి మడమ గాల్లో ఉండేలా చూసింది, పైకి జరపాలంటే కింద వేసిన దుప్పటితో ఇద్దరం పట్టుకుని ఎత్తేవాళ్లం, లాగేవాళ్లం కాదు. కాళ్ల మధ్య దిండు మాత్రం ఆపరేషన్ నాటి నుంచీ ఉంది, కాలు మీద కాలు పడకూడదు కాబట్టి.

డబ్బు విషయం. నర్సుకి రోజుకి 1,300, అటెండెంట్‌కి అయితే 800 అన్నారు. మాకు 42 రోజులకి 54,600 అయింది. తక్కువేం కాదు. ఇంజెక్షన్లూ కుట్లూ డ్రెస్సింగూ అన్నీ అయిపోయి, స్నానం, భోజనం, నడిపించడం మాత్రమే మిగిలితే అటెండెంట్ సరిపోతారు, ఆపరేషన్ అయిన మొదటి నెల మాత్రం నర్సునే పెట్టుకోండి. బీఎస్సీ నర్సింగ్ నాలుగేళ్లు, జీఎన్ఎం మూడేళ్లు, ఏఎన్ఎం రెండేళ్లు చదువు, రాష్ట్ర నర్సింగ్ కౌన్సిల్ రిజిస్ట్రేషన్ ఉంటుంది, అది అడిగితే ఎవరూ ఏమీ అనుకోరు, మా సిస్టర్ అయితే తనే తీసి చూపించింది. అటెండెంట్‌ని కూడా సిస్టర్ అనే పంపిస్తారు, తెల్ల కోటే వేస్తారు, అక్కడే మనం మోసపోతాం.

ఈ చదువు ఇవాళ ఇలా ఉందంటే దానికి మూలం కూడా నైటింగేలే. క్రిమియా యుద్ధం రోజుల్లో ప్రజలు ఆమె పేరు మీద ఇచ్చిన సుమారు 45 వేల పౌండ్ల నిధితో 1860లో లండన్ సెయింట్ థామస్ ఆస్పత్రిలో నర్సుల స్కూలు పెట్టించింది. అక్కడ చదువుకున్నవాళ్లు దేశదేశాలకీ వెళ్లారు. మన దగ్గర నర్సింగ్ కాలేజీల్లో దీపాలు వెలిగించి ప్రతిజ్ఞ చేయించడం ఇప్పటికీ ఉంది, మా సిస్టర్ ఫోన్లో ఆ ఫోటో ఉంది, ఇరవై మంది ఆడపిల్లలు, చేతుల్లో దీపాలు. ఆ ప్రతిజ్ఞ ఆమె రాసింది కాదు, 1893లో అమెరికాలో ఆమె పేరు పెట్టి రాశారు. అన్నింట్లోనూ ఆమె చెప్పిందే సరైందని కూడా నేను అనను. చెడు గాలి వల్లే రోగాలు వస్తాయన్న ఆ కాలపు నమ్మకం ఆమెది, సూక్ష్మక్రిముల సంగతి చాలా ఏళ్లు ఒప్పుకోలేదు. అయినా కిటికీ, సబ్బు, ఎండ, ఉతికిన దుప్పటి, ఇవి కారణం ఏదైనా పనిచేశాయి.

మే 12 మాకు సర్వీసులో 41వ రోజు. నర్సుల దినోత్సవం అని అమ్మకి చెప్పాను. అమ్మది కోనసీమ, గోదావరి కాలువ గట్టు మీద పెరిగిన మనిషి. అప్పుడు నేను చదివిన ఒక సంగతి ఆమెకి చెప్పాను, నైటింగేల్ ఎప్పుడూ ఇండియా రాలేదు కానీ నలభై ఏళ్లు ఇండియా గురించి పనిచేసిందని, ముందు ఇక్కడి బ్రిటిష్ సైనికుల ఆరోగ్యం కోసం మొదలుపెట్టి, ఆ తర్వాత పల్లెల మంచినీళ్లూ కరువులూ దాకా వచ్చిందని, సర్ ఆర్థర్ కాటన్‌తో ఉత్తరాలు నడిపిందని, సాగునీటి కాలువలు తవ్వితేనే కరువు చావులు తగ్గుతాయన్న ఆయన వాదనని గట్టిగా బలపరిచిందని. అమ్మ మంచం మీద లేచి కూర్చుంది. "మన కాటన్ దొరా?" అంది. అవును, ధవళేశ్వరం ఆనకట్ట దొరే, ఆయన పుట్టినరోజు కూడా ఇదే నెల, మే 15. వాళ్ల తాతగారు స్నానం చేసేటప్పుడు కాటన్ దొరని భగీరథుడితో పోల్చే శ్లోకం చదివేవారని అమ్మ చెప్పింది, చెప్పి, సిస్టర్‌ని దగ్గరికి పిలిచి, తన పెట్టెలోంచి ఉప్పాడ చీర ఒకటి తీయించి చేతిలో పెట్టింది. "తల్లీ, నువ్వు మా దొరగారి తాలూకు మనిషివి" అంది. ఆ పిల్లకి ముందు అర్థం కాలేదు, నేను మొత్తం చెప్పాక కళ్లు తుడుచుకుంది.

ఆఖరి వారంలో అమ్మ వాకర్ పట్టుకుని బాల్కనీ దాకా నడిచింది. సిస్టర్ వెళ్లే రోజు సాయంత్రం నన్ను కూర్చోబెట్టి నోట్‌బుక్ చివరి రెండు పేజీలు చదివించింది. ఏ వ్యాయామం ఎన్నిసార్లు, కింద కూర్చోకూడదని, ఏ లక్షణం కనబడితే వెంటనే ఆస్పత్రికి ఫోన్ చేయాలి, పిక్క వాచినా, ఊపిరి ఆడకపోయినా ఆగొద్దని, అన్నీ తెలుగులో, పెద్ద అక్షరాలతో. చదివాక మళ్లీ నాచేత పైకి చెప్పించుకుంది.

సిస్టర్ పనికి ఐదుకి ఐదు. ఏజెన్సీకి మూడున్నర, ఆ మూడు రోజుల వల్ల. మళ్లీ అవసరం పడితే వాళ్లనే పిలుస్తాను, కాకపోతే ఎవరు వస్తున్నారు, ఏం చదివారు, సెలవు పెడితే బదులు ఎవరు అన్నది ముందే కాగితం మీద రాయించుకుంటాను, మనిషి మారే రోజు నేను సెలవు పెట్టి ఇంట్లో ఉంటాను. ఎయిర్ బెడ్ తర్వాత మేమే ఒకటి కొనుక్కున్నాం, ఇప్పుడు ఖాళీగా ఉంది. ఎంవీపీ చుట్టుపక్కల మంచాన ఉన్న పెద్దవాళ్లు ఎవరికైనా కావాలంటే తీసుకెళ్లి వాడుకోండి, పని అయ్యాక ఇంకొకరికి ఇవ్వండి.